బుల్లి రైలింజనుకి పెద్ద చాకిరీ

రైల్లో కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుకుని, తీరా కూర్చున్నాక కంట్లో బొగ్గు నలుసు పడితే, అమ్మ కొంగు కొస ఉండచుట్టి, నోటి ఆవిరి పట్టి కంటికి అద్దిన రోజులు మీలో ఎంతమందికి గుర్తున్నాయి? మన దేశంలో బ్రాడ్‌గేజ్ పట్టాల మీద బొగ్గు ఇంజన్ల రోజువారీ నడక 1995 డిసెంబరుతో ముగిసింది. ఇప్పుడు ఆవిరి ఇంజను చూడాలంటే డార్జిలింగో, నీలగిరి కొండలో ఎక్కాలి. మన పిల్లలకైతే అది పుస్తకంలో బొమ్మే.

ఇంగ్లండులో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లొచ్చే తల్లులు ఈమధ్య మనలో చాలామందే ఉన్నారు. వెళ్లినవాళ్లంతా లండన్ బ్రిడ్జి చూస్తారు, రాజుగారి కోట చూస్తారు, ఫోటోలు దిగుతారు. ఈసారి వెళ్తే ఒక రోజు మిగుల్చుకోండి. మీరు చూడాల్సిన ఊరు ఒకటుంది. అక్కడ పట్టాల మధ్య వెడల్పు 381 మిల్లీమీటర్లు. అంటే మూరెడు కూడా లేదన్నమాట! ఆ పట్టాల మీద అసలైన బొగ్గుతో, అసలైన ఆవిరితో, అసలు ఇంజన్లలో మూడో వంతు సైజున్న ఇంజన్లు మనుషుల్ని ఎక్కించుకుని పరుగెడతాయి.

సముద్రపు ఒడ్డున మూడో వంతు రైలు

లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్లో రైలెక్కితే గంట ప్రయాణంలో ఫోక్‌స్టన్ వస్తుంది. అక్కణ్ణించి బస్సులో హైత్ అనే చిన్న ఊరికి వెళ్లాలి. కెంట్ జిల్లా సముద్రతీరం అది. హైత్‌లో మొదలయ్యే ఈ బుల్లి రైలు డిమ్‌చర్చ్, న్యూ రామ్నీ మీదుగా డంజెనెస్ దాకా పదమూడున్నర మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు వెళ్తుంది. పేరు రామ్నీ, హైత్ అండ్ డిమ్‌చర్చ్ రైల్వే.

దీని పుట్టుక వెనక ఒక విషాదం ఉంది. కౌంట్ లూయీ జ్బొరోవ్‌స్కీ అనే కార్ల పందెగాడికీ, అతని స్నేహితుడు కెప్టెన్ హోవీకీ సొంతంగా ఓ బుల్లి రైలు నడపాలని కోరిక. జ్బొరోవ్‌స్కీ రెండు ఇంజన్లకి ఆర్డరిచ్చాడు. అవి తయారై రాకముందే, 1924లో ఇటలీలో మోంజా పందెంలో కారు ప్రమాదంలో చనిపోయాడు. స్నేహితుడి కోరిక హోవీ వదిలిపెట్టలేదు. హెన్రీ గ్రీన్లీ అనే ఇంజనీరుని పెట్టుకుని, ఈ తీరం వెతికి, 1927 జులైలో రైలు నడిపించాడు. మరుసటి ఏడాదికి లైను డంజెనెస్ దాకా చేరింది. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం దీన్ని తీసుకుని, ఒక రైలుకి ఇనప రేకుల కవచం తొడిగి, తుపాకులు బిగించి తీరం వెంట కాపలా తిప్పింది. యుద్ధం అయ్యాక, 1947లో డంజెనెస్ లైను మళ్లీ తెరిచిన వాళ్లెవరనుకున్నారు? మనమంతా పడీపడీ నవ్విన లారెల్, హార్డీ!

జ్బొరోవ్‌స్కీ ఆర్డరిచ్చిన ఆ రెండు ఇంజన్లలో ఒకదాని పేరు 'గ్రీన్ గాడెస్', అంటే ఆకుపచ్చ దేవత. 1925లో తయారైంది. పక్కన నిలబడితే దాని పొగగొట్టం మన నడుముకి పైన, భుజానికి కింద ఉంటుంది. డ్రైవరు లోపల నిలబడడు, కూర్చుంటాడు. అయినా పెట్టెల నిండా జనాన్ని గంటకి 25 మైళ్ల వేగంతో లాక్కుపోతుంది. వందేళ్ల వయసులో!

మరి వందేళ్లు ఎలా బతికింది? నేను మీకు చెప్పాలనుకున్నది అదే. చేసినవాళ్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. నిలబెట్టింది మాత్రం పేర్లు లేని చేతులు. ఏడాది పొడుగునా తుడిచిన చేతులు, చలికాలంలో విప్పి మళ్లీ బిగించిన చేతులు.

కుక్కరూ, బాయిలరూ తోడబుట్టినవే

ఇంత పెద్దది కాకపోయినా, ఇంట్లో బల్ల మీద పెట్టుకునే సైజు ఆవిరి ఇంజన్లు కూడా అక్కడ ఉన్నాయి. వాటిని నడుపుకునేవాళ్లకి ఊరూరా క్లబ్బులున్నాయి. ఆదివారాలు పార్కుల్లో పట్టాలు పరిచి ఉంటాయి. ఐదంగుళాల పట్టాలంటే జానెడైనా లేవు. ఇంజను అసలుదాన్లో సుమారు 11వ వంతు. దాని వెనక బల్లబండి మీద పిల్లలూ పెద్దలూ కాళ్లు చెరో పక్కకి వేసుకుని కూర్చుంటే, బుస్సుబుస్సుమంటూ అందర్నీ లాగేస్తుంది. ఈ కాలక్షేపం పాతదే. దీనికంటూ 'మోడల్ ఇంజనీర్' అనే పత్రిక 1898లోనే మొదలైంది. ఇంత చిన్న ఇంజనుకి స్పిరిటు దీపం పెట్టాలా, నిజం బొగ్గు పొయ్యి పెట్టాలా అని 1920ల్లో ఆ పత్రికలో పెద్ద యుద్ధమే జరిగింది. 'ఎల్.బి.ఎస్.సి.' అనే కలంపేరుతో రాసే ఒకాయన, రెండున్నర అంగుళాల పట్టాల మీద 'అయేషా' అనే తన ఇంజనుతో, బొగ్గు పొయ్యితోనే మనుషుల్ని లాగించి చూపించాడు.

"ఈ మగవాళ్ల మిషన్ల గొడవ మనకెందుకమ్మా" అంటారా? ఆగండాగండి. ఇది పూర్తిగా మన వంటింటి శాస్త్రమే.

మీ ప్రెషర్ కుక్కరు చదరపు అంగుళానికి సుమారు 15 పౌన్ల ఒత్తిడితో పనిచేస్తుంది. ఈ బుల్లి ఇంజను బాయిలరు 80, 90, ఒక్కోసారి 100 పౌన్లతో పనిచేస్తుంది. అంటే ఐదారు కుక్కర్ల బలం. కుక్కరుకి వెయిట్ ఉన్నట్టే దానికి సేఫ్టీ వాల్వు ఉంటుంది. లోపల నీళ్లెన్ని ఉన్నాయో చూడ్డానికి ఒక గాజు గొట్టం ఉంటుంది. డ్రైవరు కన్ను ఎప్పుడూ దానిమీదే. పొయ్యి పైకప్పు ఎప్పుడూ నీళ్లలో మునిగే ఉండాలి. నీళ్లు దిగిపోతే రాగి రేకు కాలి మెత్తబడిపోతుంది. నీళ్లు మరిచిపోయిన కుక్కరు అడుగు ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా!

పొయ్యి రాజేయడం చూస్తే మీకు నవ్వొస్తుంది. కిరసనాయిల్లో నానబెట్టిన కట్టె బొగ్గు వేసి అంటిస్తారు. పొగగొట్టం మీద చిన్న కరెంటు ఫ్యాను పెట్టి గాలి లాగుతారు. మన అమ్మమ్మలు ఊదుగొట్టంతో చేసిన పనే కదండీ! వాళ్లు ఇటునుంచి ఊదేవాళ్లు, వీళ్లు అటునుంచి లాగుతారు. కాస్త ఆవిరి పుట్టాక ఆ ఆవిరే గాలిని లాగడం మొదలుపెడుతుంది. అప్పుడు శనగగింజల్లా కొట్టిన బొగ్గు చిన్న గరిటెతో కొంచెం కొంచెం వేస్తారు.

బాయిలరులోకి నీళ్లు పంపేది ఇంజెక్టరు. దాని లోపలి రంధ్రాలు సూది బెజ్జాల్లా ఉంటాయి. ఉప్పునీళ్లు పోస్తే సున్నం పట్టి మూసుకుపోతాయి. అందుకే చాలామంది వాననీళ్లు పట్టి దాచుకుని వాడతారు. మూసుకుపోతే పిన్నుతో పొడవరు. పొడిస్తే రంధ్రం పెద్దదై, ఇక నీళ్లెక్కవు. మరేం చేస్తారు? నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెడతారు. గీజరు రాడ్డుకీ, కాఫీ కెటిలుకీ పట్టిన తెల్ల పొర వదలాలంటే మనం చేసేదీ అదే. రాగి బాయిలరు అతుకులు వెండి కలిసిన టంకంతో వేస్తారు. అతికాక పట్టిన నలుపు పోగొట్టడానికి కూడా చాలామంది నిమ్మ ఉప్పే వాడతారు. చింతపండుతో రాగి బిందె తోమిన చేతులకి ఇందులో కొత్త విద్య ఏముంది చెప్పండి!

ఆడవాళ్లు ఇందులో లేరనీ అనుకోకండి. చెర్రీ హిల్ అనే ఇంగ్లీషు ఆవిడ, రోడ్డు మీద నడిచే పాతకాలపు ఆవిరి ఇంజన్లని పదహారో వంతు సైజులో, నట్టుతో సహా తన చేత్తో చేసింది. ఆ దేశంలో ఈ కళకిచ్చే పెద్ద ట్రోఫీని మళ్లీ మళ్లీ గెలుచుకుంది. ఎం.బి.ఇ. బిరుదు కూడా అందుకుంది. తన ఇంజన్లని లండన్లో మెకానికల్ ఇంజనీర్ల సంస్థకి ఇచ్చేసింది.

చన్నీటి పరీక్ష

నన్ను ఆకట్టుకున్న సంగతి ఇంకోటి చెబుతాను. కొత్త బాయిలరుని ముందే నిప్పు మీద పెట్టరు. నిండా చన్నీళ్లు నింపి, లోపల గాలి బుడగ లేకుండా చేసి, చేతి పంపుతో ఒత్తిడి పెంచుతారు. అది మామూలుగా నడిచే ఒత్తిడికి రెట్టింపు ఉంటుంది. అలా కాసేపుంచి ప్రతి అతుకూ చూస్తారు. నీళ్లే ఎందుకంటే, నీళ్లు నొక్కితే నొక్కుకుపోవు. అతుకు విడితే చుక్క కారి ఒత్తిడి చటుక్కున పడిపోతుంది, అంతే. అదే గాలితోనో ఆవిరితోనో చేస్తే, నొక్కిపెట్టిన బలమంతా ఒక్కసారి విడుదలై పేలుతుంది. తర్వాత కొన్నేళ్లకోసారి ఒకటిన్నర రెట్లతో మళ్లీ పరీక్ష. ఏటేటా ఆవిరితో ఇంకో పరీక్ష: పొయ్యి భగభగ మండిస్తూ సేఫ్టీ వాల్వుని వదిలేస్తే, ఒత్తిడి ఉండాల్సినదానికన్నా పది శాతం మించకూడదు. నెగ్గితే సర్టిఫికెట్. అది లేనిదే క్లబ్బు పట్టాల మీదికి రానివ్వరు. పదేళ్లు కష్టపడి చేసుకున్న ఇంజనైనా సరే, పెట్టెలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లాల్సిందే!

మనింట్లో కుక్కరుకి సర్టిఫికెట్ అడిగేవాళ్లెవరూ లేరు. అందుకని ఆ పరీక్షాధికారి మనమే కావాలి. పొయ్యి మీద పెట్టే ముందు మూత ఎత్తి ఆవిరి గొట్టాన్ని వెలుతురుకి పెట్టి చూడండి. పప్పు పొట్టు అడ్డం లేకుండా రంధ్రం కనిపించాలి. రబ్బరు గట్టిపడితే, పగుళ్లిస్తే మార్చండి. సేఫ్టీ ప్లగ్గు పోతే ఆ కంపెనీదే కొనండి, ఏదో ఒకటి బిగించొద్దు. పప్పు వండితే సగానికి మించి నింపొద్దు. ఆవిరి పూర్తిగా దిగేదాకా మూత లాగొద్దు. వాళ్లు బొమ్మ ఇంజనుకి పడే శ్రద్ధలో నాలుగో వంతు చాలు.

పండగ అయ్యాక అంట్లు

పార్కులో పిల్లల కేరింతలు అందరూ చూస్తారు. సాయంత్రం జనం వెళ్లిపోయాక ఉండండి, అసలు పని అప్పుడు మొదలవుతుంది. పొయ్యిలో నిప్పు కిందికి దులుపుతారు. బాయిలరులోని నీళ్లు, అడుగున చేరిన మడ్డితో సహా వదిలేస్తారు. వదలకపోతే అక్కడి చలికి రాత్రి నీళ్లు గడ్డకట్టి, ఉబ్బి, గొట్టాలు పగులుతాయి. తర్వాత పాలసీసా బ్రష్షులాంటి దాంతో లోపలి గొట్టాలు ఒక్కొక్కటీ తోముతారు. గొట్టాల్లో మసి మిగిలితే మర్నాడు నీళ్లు త్వరగా కాగవు. ముందు డొక్కులో బూడిద ఎత్తుతారు. తడి తగిలిన బూడిద ఇనుముని తినేస్తుంది. చక్రాలకి ఒక నూనె, సిలిండర్లకి చిక్కటి వేరే నూనె. తలకి రాసే నూనె, పోపులో వేసే నూనె ఒకటి కానట్టే! చివరికి నూనెగుడ్డతో ఒళ్లంతా తుడుస్తారు. తుడవడమంటే శుభ్రం మాత్రమే కాదు. తుడిచే చేతికే వదులైన నట్టు తగులుతుంది, సన్నని పగులు తెలుస్తుంది.

కెంట్‌లోనే ఒక పార్కులో అలా ఉండి చూశాను. ఎనభైకి దగ్గరున్న పెద్దాయన, పక్కన పన్నెండేళ్ల మనవరాలు. ఆయన చేతులు వణుకుతున్నాయి. గుడ్డ ఆ పిల్లకిచ్చి, తను చెబుతుంటే ఆ పిల్ల తుడుస్తోంది. "ఇంకా పెద్దయ్యాక డ్రైవింగు నేర్పుతారా?" అని అడిగాను. ముందు తుడవడం వస్తే డ్రైవింగు దానంతటదే వస్తుందని ఆయన జవాబు. ఆయన ఇంజను ఆయన కన్నా ఎక్కువకాలం బతకగలదు. బతుకుతుందా లేదా అన్నది ఆ గుడ్డ పట్టుకున్న చేతి మీద ఉంది.

బిట్రగుంట సంగతి

ఈ మాట ఎందుకు గుచ్చుకుందో చెప్పనా? నెల్లూరు జిల్లా బిట్రగుంట పేరు వినే ఉంటారు. ఆవిరి ఇంజన్ల కాలంలో అక్కడి లోకోషెడ్డు పేరున్నది. మా నాన్నగారు అందులోనే ఫైర్‌మన్‌గా చేరారు. ఆయన ఖాకీ చొక్కాలు ఎన్ని సబ్బులు అరగదీసినా తెల్లటి నీళ్లు వచ్చేవి కాదని మా అమ్మ అనేది. నాన్నగారు సుత్తితో బోల్టుని తట్టి, శబ్దం విని, "ఇది లోపల విరిగింది" అనేవారట. అలాంటి చెవులు ఆ షెడ్డులో ఎన్ని ఉండేవో! డీజిలు వచ్చింది, కరెంటు వచ్చింది. మంచిదే, కంట్లో నలుసులు తప్పాయి. ఇంజన్లు తుక్కు కిందికి వెళ్లాయి. కానీ ఆ చెవులకి తెలిసింది ఎవరూ రాసి పెట్టుకోలేదు, ఎవరూ అడగలేదు. మేం కూడా అన్నానికి పిలిచామేగానీ, "ఆ శబ్దం ఎలా ఉంటుంది నాన్నా?" అని అడిగిన పాపాన పోలేదు, మాకు అదొక విద్య అని ఎవరు చెప్పారు గనక!

న్యూ రామ్నీ వర్క్‌షాపులో ఆ విద్య ఇంకా జీతం తీసుకుని బతుకుతోంది. చేతులు మారుతూ వస్తోంది. దానికీ కష్టాలు లేకపోలేదు. ఆవిరి ఇంజన్లకి వేల్స్ బొగ్గు పెట్టింది పేరు. అలాంటి బొగ్గు ఇచ్చే ఫోస్-ఇ-ఫ్రాన్ గని 2023 నవంబరులో మూతపడింది. బ్రిటన్లోని ఆవిరి రైళ్ల వాళ్లు బయటి దేశాల బొగ్గు మీదా, ఉండలుగా చేసిన ఇంధనం మీదా ఆధారపడాల్సి వస్తోంది. కొత్త బొగ్గుకి పొయ్యి కొత్తగా నేర్చుకోవాలి. కట్టెపొయ్యి నుంచి కిరసనాయిలు స్టవ్వుకీ, దాన్నుంచి గ్యాసుకీ మారినప్పుడు మన వంట మళ్లీ నేర్చుకోలేదూ? అలాగే.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు

వసంతం నుంచి శరత్తు దాకా రైళ్లు ఎక్కువ. చలికాలంలో తక్కువ రోజులే నడుస్తాయి, అప్పుడే రిపేర్లు. వెళ్లేముందు టైంటేబులు చూసుకోండి. హైత్‌లో ఎక్కి డంజెనెస్ దాకా వెళ్లండి. డంజెనెస్ ఎక్కడ చూసినా గులకరాళ్లే, మడమల చెప్పులొద్దు. అక్కడ 1904 నాటి పాత లైట్‌హౌసు ఉంది, 169 మెట్లు. మోకాళ్లు సహకరిస్తే ఎక్కండి. సముద్రపు గాలి బాగా చల్లన, స్వెట్టరు మరవకండి. డబ్బాలో పులిహోర పెట్టుకుంటే ఆ గాలికి రెండింతలు తింటారు. పెట్టెలు చిన్నవి. తల వంచి ఎక్కండి, చీర కుచ్చిళ్లు తలుపులో పడకుండా చూసుకోండి.

తిరుగు ప్రయాణంలో న్యూ రామ్నీలో తప్పకుండా దిగండి. మేడమీద బొమ్మ రైళ్ల ప్రదర్శన ఉంది, పిల్లలు కదలరు. మీరు మాత్రం ప్లాట్‌ఫారం మీంచి ఇంజన్ల షెడ్డు వైపు చూడండి. ఎవరో ఒకరు చేతిలో గుడ్డతో, నూనెడబ్బాతో ఇంజను పక్కన కూర్చుని ఉంటారు. అందరూ ఇంజనుకి ఫోటో తీసుకుంటారు. మీరు ఆ మనిషికి చెయ్యి ఊపండి. ఎందుకంటే తోమింది రేపు మళ్లీ మాసిపోతుందని తెలిసీ ఈ రోజు తోమడం ఎంత పనో, మనకన్నా బాగా ఎవరికి తెలుసు!